విమానం చదువుకు ఊరిచ్చిన పైసలు

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసే పనిలో ఇరవై ఎనిమిదేళ్లు గడిపాను. మొదట కోరుట్లలో ఒక పెద్ద సార్ దగ్గర గుమాస్తాగా, తర్వాత జగిత్యాలలో నా సొంత దుకాణంలో. ఇప్పుడు పుట్టిన ఊరు సిరిసిల్లకు తిరిగొచ్చి మరమగ్గాల చప్పుడు మధ్య హాయిగా నిద్రపోతున్నాను. ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీరు చూసిన వాటిల్లో పెద్ద కేసు ఏది మేడం అని అడుగుతుంటారు. ఏ రైస్ మిల్లు సంగతో, బంగారం దుకాణం సంగతో చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పేది ఒక ట్రాలీ ఆటో ఆయన కేసు. అందులో నేను గెలిచానని మా వాళ్లంతా అంటారు. నా తప్పును నేనే తుడుచుకున్నానని నేనంటాను. తుడుచుకునేటప్పుడు ఇంకొకరి చేతులకు మరక అంటింది కూడా.

ఆయనది బీర్పూర్ వైపు ఒక ఊరు. ఇరవై ఏళ్లు తాళ్లెక్కి కల్లు గీశాడు. ఒకనాడు నడుముకు కట్టుకునే మోకు జారి చెట్టు మీది నుంచి పడ్డాడు. నడుము దెబ్బతింది. చెట్టెక్కడం మానేసి ఫైనాన్స్ మీద ట్రాలీ ఆటో కొన్నాడు. ఫైనాన్స్ వాళ్లు రిటర్ను అడిగితే నా దగ్గరికి వచ్చాడు. అప్పటి నుంచి ఏటా జూలైలో, గడువు రెండు రోజులుందనగా, నాలుగు మక్క కంకులు పట్టుకుని దిగేవాడు.

"అక్కా, పోయినేడు ఎంత రాసినవో గంతే రాయి."

"పోయినేడు వచ్చినంతే ఈ ఏడు కూడా వచ్చిందా?"

"వస్తే నా మొకం గిట్లెందుకుంటది?"

నేను నాలుగు మాటలు అనేదాన్ని, ఆయన నవ్వేవాడు, రిటర్ను వేసేసేదాన్ని. నోటికి పదునెక్కువ, చేతికి తొందరెక్కువ అని మా పెద్ద సార్ నన్ను ఎప్పుడూ అనేవారు. రెండూ నిజమే.

ఆయనకు ఒక్కతే బిడ్డ. చిన్నప్పుడు ఊళ్లో మోపెడ్లు బాగుచేసే షెడ్డు దగ్గరే ఆ పిల్ల ఆట. షెడ్డు నడిపే ముస్లిం పెద్దమనిషి ఆ పిల్లకు పాన ఇచ్చి నట్లు విప్పమనేవాడట. ఇంటర్ అయ్యాక ఆ పిల్ల, విమానాలు రిపేరు చేసే చదువు చదువుతానంది. హైదరాబాద్‌లో మూడేళ్ల కోర్సు. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఆటో లోను తీరేదాకా ఇంకో లోను ఇవ్వమని బ్యాంకు వాళ్లన్నారు. ఆఖరికి ఊరు ఇచ్చింది. ఆ ఊళ్లో ఇంటికొకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. సెలవు మీద వచ్చిన ఒకాయన, "మేమెక్కి పోయే విమానం మన పిల్లనే బాగు చేస్తదంటే ఇయ్యమా?" అని మొదటి కట్ట తీశాడట. మొత్తం అరవై మూడు మంది ఇచ్చారు, ఊళ్లోని కల్లుగీత సంఘం వాళ్లు పోగుచేశారు. మూడేళ్ల ఫీజూ, హాస్టలూ ఒక్కసారే కడితే తగ్గిస్తామని కాలేజీ వాళ్లు చెప్పారు. దాంతో ఒకరోజు మధ్యాహ్నం పది లక్షల నలభై వేలు నగదు తన ఖాతాలో వేసి, డీడీ తీసి కట్టేశాడు. మరుసటి జూలైలో ఎప్పటిలాగే కంకులతో వచ్చాడు. ఈ సంగతి నాకు చెప్పలేదు. నేనూ బ్యాంకు పాస్‌బుక్ అడగలేదు. పోయినేడు రాసినంతే రాశాను.

నోటీసు నా మెయిల్‌కే వచ్చింది. ఊళ్ల వాళ్లకు మెయిల్ ఉండదు కాబట్టి మేం మా మెయిలే పెడతాం. ఏడాదికి రెండున్నర లక్షల సంపాదన చూపించిన మనిషి ఖాతాలో ఒక్కరోజు పది లక్షలు దాటి ఎక్కడివి అని అడిగారు. చెప్పకపోతే, చెప్పినా వాళ్లు నమ్మకపోతే, నూటికి డెబ్బై ఎనిమిది పన్ను. డబ్బేమో ఎప్పుడో కాలేజీకి చేరింది. ఆ పన్ను కట్టాలంటే ఆటో పోవాలి, ఉన్న ఎకరం పోవాలి. అవి పోతే ఇల్లు గడవక, ఫీజు కట్టి ఉన్నా బిడ్డ చదువు మధ్యలో ఆపి ఏ పనికో పోవాలి. అప్పటికి ఆ పిల్ల రెండో ఏడులో ఉంది.

ఆయన భయపడ్డాడు. "తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరక్కా. నా మాట ఎవలు నమ్ముతరు?" అన్నాడు. నేను ధైర్యం చెప్పాను. నా ధైర్యానికి కారణం చట్టంలో ఒక మాట. బంధువులు ఊరికే ఇచ్చిన డబ్బు మీద పన్ను లేదు. బయటివాళ్లు ఇస్తే, యాభై వేలు దాటితే ఉంది. బంధువులంటే ఎవరెవరో కూడా చట్టం రాసి పెట్టింది. అన్నదమ్ములు, భార్య అన్నదమ్ములు, మేనమామలు, చిన్నాన్నలు, ఇట్లా.

జవాబు పెట్టడానికి ఆఖరి రోజు. సైటు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఒక చెవికి ఫోను ఆనించి, రెండు చేతులతో టైపు చేస్తున్నాను.

"గీయన నీకేమైతడు?"

"మామ అయితడక్కా."

"తర్వాతాయన?"

"కాక."

"ఈయన?"

"బావ. మస్తు మంచోడు."

"మంచోడైతే నాకెందుకు, వరుస చెప్పు చాలు."

అరవై మూడు పేర్లకు అరవై మూడు వరుసలు వచ్చాయి. మెకానిక్ పెద్దమనిషి పేరు దగ్గర, "గాయన అన్న" అన్నాడు. ఆ పేరు నేనే టైపు చేశాను, పక్కన సోదరుడు అని కూడా నేనే టైపు చేశాను. నా వేళ్లు ఒక్క క్షణం ఆగలేదు. నేను ఢిల్లీలో పుట్టలేదు. సిరిసిల్లలో మా వాడకట్టులో కూరగాయలమ్మే ఆమెను చిన్నమ్మా అని పిలిచి పెరిగిన దాన్ని. ఊరన్నాక ఎవరూ ఎవరికీ ఏమీ కాకుండా ఉండరని నాకు తెలియదా? తెలుసు. కానీ గడువు ముంచుకొస్తుంటే తెలిసింది కూడా అక్కరకు రాదు. పైగా ఇన్నేళ్లలో నేను పంపిన జవాబు తిరిగొచ్చింది లేదనే పొగరొకటి ఉండేది.

మూడు వారాలకు తిరిగొచ్చింది. ఎక్కడో ఊరూ పేరూ తెలియని ఆఫీసరు, కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం, సరిగ్గా ఆ పేరే పట్టుకున్నాడు. సోదరుడని రాశారు, తండ్రుల పేర్లు వేరు, ఆధారం చూపండి. మిగతా అందరితోనూ బంధుత్వానికి ఆధారాలు పెట్టండి. అబద్ధపు వివరాలిస్తే చర్య ఏమిటో కింద రాసి ఉంది.

నా దుకాణంలో సగం అద్దె పంచుకుని జీఎస్టీ పని చూసుకునే తమ్ముడొకడుండేవాడు. చదివి పడిపడి నవ్వాడు. "అక్కా, ఊరందరినీ ఒక్కింట్లనే పుట్టిచ్చినవు గదనే!" ఆ రోజు సాయంత్రం చాయ్ దాకా వాడితో మాట్లాడలేదు. వాడి మీద కోపం కాదు. సిగ్గు. అబద్ధం ఆడటం రాని మనిషి చేత సర్కారుకు అబద్ధం రాయించాను.

ఆటో ఆయనను పిలిపించి అడిగాను. "ఈ మెకానిక్ నీకు సొంత అన్ననా?"

"సొంతమే. నేను చెట్టు మీదికెల్లి పడ్డనాడు నన్ను భుజానేసుకొని రోడ్డు దాక ఉరికిండు."

"ఒక తల్లి కడుపున పుట్టారా అని అడుగుతున్నా."

"గట్లయితే కాదు. నువ్వు గట్ల అడగలే గదక్కా."

అడగలేదు. ఆయన తప్పు వెతికినా దొరకదు.

అరవై మూడులో నిజంగా చట్టం ఒప్పుకునే బంధువులు తొమ్మిది మంది తేలారు. మిగిలింది యాభై నాలుగు. జీఎస్టీ తమ్ముడు ఉపాయం చెప్పాడు. చేబదులు అని రాసేద్దాం, యాభై నాలుగు మంది పేర వెనకటి తేదీతో ఆయన చేత ప్రామిసరీ నోట్లు రాయిద్దాం, అప్పుకు పన్నుండదు. ఈ మాట నేను దాచను. నేను ఒప్పుకున్నాను. రెవెన్యూ స్టాంపులు కొని, ఆదివారం పూట ప్రోనోటు కాగితాల కట్ట సంచిలో పెట్టుకుని ఆ ఊరు పోయాను. ఒక అబద్ధం కప్పడానికి యాభై నాలుగు అబద్ధాలు మోసుకుపోయాను.

గీత కార్మికుల సంఘం రేకుల షెడ్డులో అందరూ కూర్చున్నారు. నేను చెప్పింది విని ఎవరూ కాగితం అందుకోలేదు. సంఘం పెద్ద, డెబ్బై దాటిన మనిషి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నాడు.

"ఇచ్చింది ఇచ్చినం బిడ్డా. అప్పని నీ కాయితం మీద రాస్తే రేపు నేను సచ్చిపోత. నా కొడుకు పెట్టె దెరుస్తడు. గీ నోటు దొరుకుతది. వాడు పట్నం పోయి పిల్లను పైసలడుగుతడు. అప్పుడు పిల్ల ఉసురు నాకు తాకదా?"

ఇంకొకాయన, "పెండ్లికిచ్చినమని రాయరాదు?" అన్నాడు. పెళ్లికి వచ్చిన కట్నకానుకల మీద పన్ను లేదన్న సంగతి ఊళ్లలో అందరికీ ఎట్లాగో తెలుసు. ఆటో ఆయన భార్య అప్పటిదాకా మూలన నిలబడి ఉంది. "నా బిడ్డకు లేని పెండ్లి రాస్తరా? రేపు మొగడేడి అని గవర్నమెంటోళ్లు అడిగితే ఎవల్ని చూపియ్యాలె?" అంది. అందరూ నవ్వారు. నేను ఆ కాగితాల కట్ట మళ్లీ సంచిలో పెట్టుకున్నాను. చదువుకున్నదాన్ని నేను, అబద్ధానికి దారి వెతికింది నేను. వేలిముద్ర వేసే మనుషులు వద్దన్నారు.

లేచి వస్తుంటే పెద్దాయన, "మా బుక్కుల రాసుకున్నం గదా, గది చూపెట్టరాదు?" అన్నాడు. మురికి పట్టిన పొడుగు నోటుబుక్కు. ఆ పేజీ ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. దానితో ఏం చేయాలో ఆ పూట నాకు తోచలేదు.

మర్నాడు కోరుట్ల పోయి మా పెద్ద సార్ ముందు కూర్చున్నాను. అప్పటికి ఆయన చూపు తగ్గి పని మానేశారు. బుక్కులో ఏముందో చదవమన్నారు. చదివాను. ఫలానా వాళ్ల బిడ్డ విమానం చదువుకు ఈ పైసలు. తండ్రి చేతికి ఇస్తున్నం గని సొంతానికి వాడుకునుడు లేదు. చదువు నడుమల ఆగితే మిగిలినయి సంఘానికి వాపస్ రావాలె. అవి చదువుకునే ఇంకో పిల్లకు ఇయ్యాలె. కింద సంతకాలు, వేలిముద్రలు.

"పైసలు ఎవలికిచ్చిన్రు?" అన్నారు సార్.

"తండ్రికి సార్."

"మల్ల చదువు."

మళ్లీ చదివాను. ఇంకోసారి అడిగారు. అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు. తండ్రికి ఇవ్వలేదు. చదువుకిచ్చారు. చదువు ఖర్చు కోసం మంజూరు చేసిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదని చట్టంలో ఉంది. అది సర్కారే ఇవ్వాలని ఎక్కడా లేదు. కల్లుగీత సంఘం ఇవ్వకూడదనీ లేదు. నెలన్నర నుంచి ఇచ్చినవాడు ఎవడు అని కొట్టుకుంటున్నాను తప్ప, ఇచ్చింది ఎవరికి అని ఒక్కసారి కూడా అడగలేదు.

"గని ముందుగాల నీ తప్పు ఒప్పుకో," అన్నారు సార్. "మొదటి జవాబు తప్పని రాసియ్యకుంటే రెండో జవాబు నమ్మరు. ఆయనతోని అఫిడవిట్ ఇప్పియ్యి."

ఆటో ఆయన పేరిట అఫిడవిట్ తయారు చేశాను. ఈ కింది యాభై నాలుగు మంది నాకు బంధువులు కారు, వారితో నాకు ఏ బంధుత్వమూ లేదు అని మొదలవుతుంది. ఆయన వచ్చాడు. చదివి వినిపించాను. పెన్ను ఇచ్చాను. తీసుకోలేదు.

"గీ మాట మీద నేను సంతకం పెట్ట."

"ఎందుకు? నిజమే కదా."

"నీ కాయితానికి నిజం కావచ్చు. నన్ను భుజం మీద మోసినోన్ని నాకేం గాడని నా చేత్తోని రాయాల్నా? రేపు వాని మొకం ఎట్ల చూడాలె?"

"రాయకపోతే బిడ్డ చదువు ఆగుతుంది."

ఆ మాట అని ఉండకూడదు. అన్నాను. ఆయన ఆటో తాళం చెవి తీసుకుని వెళ్లిపోయాడు. ఆఫీసరు వీడియోలో పెట్టిన విచారణకు ఇంకా నాలుగు రోజులే ఉంది. ఆ నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు. నేను అన్నం సరిగ్గా తినలేదు. జీఎస్టీ తమ్ముడు నా కోపాన్ని కాచుకుని మెల్లగా చాయ్ తెచ్చి పెట్టి పోయేవాడు.

ఆ రోజు పదకొండింటికి విచారణ. పదిన్నరకు దుకాణం ముందు ఆటో ఆగింది. ఆయన దిగాడు. వెనక మెకానిక్ పెద్దమనిషి దిగాడు. నల్లబడిన గోళ్లు, తెల్ల టోపీ, ఉతికిన అంగీ. నన్ను చూసి, "తీస్కొచ్చిన మేడం. గుర్రం కంటే మొండోడు," అన్నాడు. ఇద్దరినీ కంప్యూటర్ ముందు బెంచీ మీద కూర్చోబెట్టాను.

తెర మీద ఆఫీసరు ముఖం కనబడలేదు, గొంతు మాత్రం వచ్చింది. హిందీలో మాట్లాడుతున్నాడు. మొదట నేను మాట్లాడాను. మొదటి జవాబులో వరుసలు రాసింది నేను, సరిగ్గా విచారించకుండా రాశాను, ఆయన అబద్ధం చెప్పలేదు, నేను తప్పుగా అడిగాను అన్నాను. తర్వాత సంఘం బుక్కు సంగతి చెప్పాను. ఆఫీసరు విన్నాడు. ఒకసారి మాట మార్చినవాళ్లను రెండోసారి ఎందుకు నమ్మాలని అడిగాడు. ఆటో ఆయనను నేరుగా అడుగుతానన్నాడు. ఈ డబ్బు మీకే ఇచ్చారా అన్నాడు.

ఆయనకు హిందీ వచ్చు. ఆ రోజు మాత్రం తెలుగులోనే జవాబు చెప్పాడు. "నా చేతికి పైసలిచ్చే పిచ్చోడు మా ఊళ్లె ఒక్కడు లేడు సార్. ఆటో డీజిలుకే బాకీ పెట్టరు. బిడ్డ చదువుతదంటే ఇచ్చిన్రు."

నేను ఉన్నదున్నట్టు తర్జుమా చేశాను. అవతలి నుంచి చిన్న శబ్దం వచ్చింది. నవ్వో, దగ్గో.

తర్వాత ఆఫీసరు జాబితా తీసి మెకానిక్ పేరు చదివాడు. ఈయన మీ సోదరుడా, అవునా కాదా అన్నాడు.

ఆయన తెర వైపు చూడలేదు. బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆఫీసరు మళ్లీ అడిగాడు.

పక్కన కూర్చున్న మెకానిక్ మెల్లగా, "చెప్పు తమ్మీ. కాదని చెప్పు," అన్నాడు. ఆయన కదల్లేదు. "చెప్పురా. పిల్ల నాకూ బిడ్డనే. కాదను."

"కాదు సార్," అన్నాడు ఆయన. తల ఎత్తలేదు.

పక్కన మాట్లాడింది ఎవరు అని అడిగాడు ఆఫీసరు. జాబితాలోని ఆ పేరు గలాయనే అని చెప్పాను. అవతల కీబోర్డు చప్పుడు వినబడింది. తర్వాత, అఫిడవిట్ ఈ రోజే పంపండి అని విచారణ ముగించాడు.

ఆయన అఫిడవిట్ ప్రతి పేజీ మీద సంతకం పెట్టాడు. మెకానిక్ పక్కనే నిలబడి పేజీలు తిప్పాడు. ఆ పూట ఆ ఇద్దరినీ చూసి నేను ఏడ్చాను. ఏడవటం నాకు అలవాటు లేని పని, దుకాణంలో అయితే అసలే లేదు. వాళ్లు చూడకుండా ఫైళ్ల అలమారా వైపు తిరిగి నిలబడ్డాను.

ఇప్పుడు ఈ పని చేస్తున్న పిల్లలకు నేను చెప్పేది కొంచెమే. పాస్‌బుక్ చూడనిదే రిటర్ను వేయకండి. పిల్లల చదువు డబ్బు తండ్రి ఖాతాలోంచి పోయిందంటే, అది ఎవరికని ఇచ్చారో ముందే కాగితం మీద రాయించి పెట్టుకోండి. వీలైతే నేరుగా కాలేజీకే కట్టించండి. గడువు రోజున ఫోన్‌లో వివరాలు అడగకండి. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. నాకు పుస్తకాలు కంఠతా వచ్చు, అయినా తప్పు చేశాను.

నెలన్నరకు ఆర్డరు వచ్చింది. సంఘం ఇచ్చిన డబ్బు విద్యార్థిని చదువు నిమిత్తం ఇచ్చిన స్కాలర్‌షిప్‌గా ఒప్పుకున్నారు. తొమ్మిది మంది బంధువులది కానుకగా ఒప్పుకున్నారు. పన్ను ఏమీ లేదు. నా పొరపాటు ఒక వాక్యంలో రాశారు, ఆ వాక్యం ఇప్పటికీ నాకు నోటికొచ్చు. ఆ పిల్ల చదువు ఆగలేదు.

ఆర్డరు కాపీ తీసుకోవడానికి ఆయన వచ్చాడు. ఇంగ్లీషులో ఉంది, మొత్తం చదివి చెప్పమన్నాడు. చెప్పాను. పన్ను లేదన్నప్పుడు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఇక చాలన్నాను, వినలేదు. వెనక జాబితా ఉంటే అదీ చదవమన్నాడు. పేరు, ఇచ్చిన మొత్తం, బంధుత్వం అని మూడు గడులు. తొమ్మిది పేర్లయ్యాక మూడో గడిలో అన్ని పేర్లకూ ఒకటే మాట, బంధువు కాదు. ఫలానా ఆయన, బంధువు కాదు. ఫలానా ఆయన, బంధువు కాదు. పదో పన్నెండో చదివేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గీ కాయితం ఊళ్లెకు పోతదా అక్కా?"

"పోదు. నీ దగ్గర, నా దగ్గర ఉంటుంది."

"చింపుతనంటలేను. పనికొస్తదేమో, ఉండనియ్యి." జాబితా మీద వేలు పెట్టాడు. "గని గాయన పేరొక్కటి ఇందులకెల్లి కొట్టెయ్యరాదా?"

సర్కారు కాగితం మీద గీత గీయడం నా జన్మలో చేయలేదు. గీస్తే చెల్లదని కూడా తెలుసు. నీలం పెన్ను తీసి ఆయన కాపీలో మెకానిక్ పేరు వెతికాను. పేరు కొట్టలేదు. దాని పక్కనున్న "బంధువు కాదు" అన్న మాటను కొట్టేసి, కాగితం ఆయన చేతికిచ్చాను.